గైడ్‌ని ఎంచుకునే ముందు

శ్రీకాకుళం

అమ్మలూ,

నీకు పీహెచ్‌డీ సీటు వచ్చిందని చెల్లి ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం తల్లీ. ఉద్దానం నీళ్లు, కిడ్నీ జబ్బుల మీద పనిచేస్తానన్నావట. కవిటి, కంచిలి, సోంపేట ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్లు చేయవలసిన పని అది. ఇద్దరు గైడ్లలో ఎవరు మంచివారో ఎలా తెలుస్తుందని అడిగావు కదా, తెలిసింది రాస్తున్నాను.

పేరు చూసి వెళ్లకు. ముందు వాళ్ల దగ్గర ఇప్పుడు ఎంతమంది స్కాలర్లు, అంటే పీహెచ్‌డీ చేసేవాళ్లు, ఉన్నారో కనుక్కో. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒకేసారి ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4కి మించి ఉండకూడదు. రిటైర్మెంట్‌కి మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు.

తర్వాత ఆ స్కాలర్లతో మాట్లాడు. డిపార్ట్‌మెంట్ వరండాలో అడిగితే అందరూ 'సార్ దేవుడు' అనే అంటారు, అందుకే బయట టీ తాగుతూ అడుగు. మధ్యలో మానేసినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లనూ అడుగు. 'సార్ మంచివారేనా' అనకు. 'మొన్న ఇచ్చిన చాప్టర్ ఎన్నాళ్లకు తిరిగొచ్చింది, ఒకసారి చూపిస్తావా' అని అడుగు. అసలు సంగతి ఆ కాగితం మీదే ఉంటుంది. నాకు తెలిసిన ఒక గైడ్ దగ్గర ఒక కుర్రాడు 'నీటి వల్లే ఈ జబ్బు వస్తోంది' అని రాసిచ్చాడు. ఆయన దాని కింద పెన్సిల్‌తో గీత గీసి, మార్జిన్‌లో సన్నటి అక్షరాలతో ఇలా రాశారు: 'ఏ ఊరి బోరు? ఏ నెలలో తీసిన శాంపిల్? తాగే నీళ్లా, తోటకి పెట్టే నీళ్లా? ఎండలో పని సంగతేమిటి?' కారణం ఇదేనని ఇంకా ఎవరూ తేల్చని జబ్బు అది. ఆ నాలుగు ప్రశ్నలతో ఆ కుర్రాడికి ఏడాది పని దొరికింది. ఉత్త 'గుడ్' అని సంతకం పెట్టి ఇచ్చేవాళ్ల దగ్గర నీకు దొరికేది ఏమీ ఉండదు.

కోపిష్టి అని ఎవరైనా చెబితే భయపడకు. చాప్టర్ చదివి కోప్పడితే భరించవచ్చు. తియ్యగా మాట్లాడుతూ నెలల తరబడి చాప్టర్ ముట్టుకోనివాళ్లతోనే ప్రమాదం. ఇంటి పనులు చెప్పేవాళ్లు, నువ్వు రాసిన పేపర్ మీద తన పేరు ముందు పెట్టుకునేవాళ్లు, చివర్లో జరిగే మౌఖిక పరీక్ష (వైవా) ఖర్చులన్నీ విద్యార్థి నెత్తిన వేసేవాళ్లు ఉన్నారు. అలాంటి మాట ఇద్దరు ముగ్గురి నోట వినిపిస్తే అటు వెళ్లనే వద్దు. ఆడపిల్లలకు 240 రోజుల వరకు ప్రసూతి సెలవు, పీహెచ్‌డీ గడువు మీద మరో రెండేళ్లు నిబంధనల్లోనే ఉన్నాయి. వాటిని వాడుకున్న అమ్మాయిని ఆ గైడ్ ఎలా చూశారో తప్పకుండా కనుక్కో.

ఇంకొక పని చెయ్యి. థీసిస్ ఇచ్చేముందు స్కాలర్ డిపార్ట్‌మెంట్‌లో అందరి ముందూ మాట్లాడాలి. దానికి ఇతర స్కాలర్లు కూడా వెళ్లవచ్చు. ఆ ఇద్దరి విద్యార్థుల్లో ఎవరిదైనా ఉంటే వెళ్లి వెనక కూర్చో. స్కాలర్ జవాబు తడబడినప్పుడు గైడ్ మొహం చూడు. అందరితో కలిసి తనూ విరుచుకుపడతారా, ప్రశ్నను తేటగా మళ్లీ అడిగి పిల్లకి ఊపిరి తీసుకునే వీలిస్తారా?

నీ విషయానికి ఒక గైడ్ తెలివి చాలదు. 'నీటి పరీక్షలు నాకు తెలుసు, కిడ్నీ సంగతి తెలీదు, పలాస కిడ్నీ ఆసుపత్రి డాక్టర్లను కలుద్దాం పద' అనే మనిషి దొరికితే వదలకు. జనం దగ్గర రక్తం తీసేముందు మనుషుల మీద చేసే పరిశోధన సవ్యంగా ఉందో లేదో చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి గురించి తనంతట తనే అడగాలి. ఫలితం వాళ్ల ఇంటికి వెళ్లి చెప్పాలని కూడా అనాలి. మన ఊళ్లలో ఎంతోమంది డయాలసిస్‌కి తిరుగుతుంటే, శాంపిల్ పట్టుకెళ్లి మళ్లీ కనిపించకపోవడం అన్యాయం.

గైడ్ల కేటాయింపు మీటింగ్‌కి ముందే ఇవన్నీ చూసుకో, తర్వాత మార్చుకోవడం చాలా కష్టం. స్కాలర్లు ఏం చెప్పారో రాసి పంపు. ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను, ఫోన్ చెయ్యి.

మీ మావయ్య