తొడ కండరం వేస్తే మోచెయ్యి వంగుతుందా? మా తమ్ముడికి వంగింది

బైక్ ప్రమాదం జరిగి ఏడాదిన్నర అయింది, చెయ్యి కదలడం లేదు, తొడ కండరం తీసి చేతికి వేస్తామంటున్నారు, లాభం ఉంటుందా అని అడిగారు. చాలామందికి ఉంటుంది. ధైర్యంగా చేయించుకోండి.

మా తమ్ముడికి మెడ నుంచి చేతికి వెళ్లే నరాలు వెన్నుపాము దగ్గరే ఊడిపోయాయి. మొదట చూసిన డాక్టరు "అవే వస్తాయి, ఆగండి" అంటూ ఏడాదికి పైగా తిప్పారు. తల్చుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. ఇలాంటి దెబ్బకు నరాల ఆపరేషన్ మొదటి ఆరు నెలల్లో చేస్తేనే మంచిది. ఏడాదిన్నర దాటిందంటే చేతి కండరం చచ్చుబడిపోతుంది, దానికి నరం కలిపినా పలకదు. అందుకే ఇంకోచోటి నుంచి బతికున్న కండరం తేవాలి.

వాడికి తొడ లోపలి వైపుండే గ్రాసిలిస్ కండరాన్ని రక్తనాళాలతో, నరంతో సహా తీసి చేతిలో అమర్చారు. పక్కటెముకల మధ్య ఉండి ఊపిరికి తోడ్పడే నరాలను దానికి కలిపారు. కాలు కుంటిదవుతుందని చుట్టాలు భయపెట్టారు. వాడు మామూలుగానే నడుస్తున్నాడు.

అసలు టెన్షన్ తర్వాతే. నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుంది, నెలల తరబడి ఏమీ కనిపించదు. వచ్చినవాళ్లంతా "ఏదీ, ఎత్తు చూద్దాం" అనేవాళ్లు. దయచేసి ఎవరినీ అలా అడగకండి. కీళ్లు బిగుసుకుంటే కొత్త కండరం లాగినా చెయ్యి వంగదని, రోజూ నేనే వాడి మోచెయ్యి వంచి చాపేదాన్ని.

ఐదో నెలలో ఒక సాయంత్రం అలా పట్టుకుని ఉండగా వాడికి దగ్గు వచ్చింది. నా వేళ్ల కింద చర్మం చిన్నగా బిగిసింది. "ఒరేయ్, ఇంకోసారి దగ్గు!" అన్నాను. మళ్లీ బిగిసింది. అది ఊపిరి నరం కదా, ఊపిరితోనే పలికింది. ఇద్దరం ఏడ్చేశాం. ఆ తర్వాత చాలాకాలం గట్టిగా ఊపిరి పీల్చి చెయ్యి వంచేవాడు. ఇప్పుడు మాట్లాడుతూనే వంచుతాడు.

వేళ్లు రాలేదు. చేతిలో నరాల మంట కూడా పూర్తిగా పోలేదు, ఈ ఆపరేషన్ దానికి మందు కాదు. ఏ నరం కలుపుతారో, ఫిజియోథెరపీ ఎవరు చేయిస్తారో ముందే అడగండి. ఫిజియో మానేస్తే మాత్రం ఆపరేషన్ వృథా అని నా గట్టి నమ్మకం.

మొన్న వాడు మా పాపను ఆ మోచేతి మడతలోనే ఎత్తుకుని, రెండో చేత్తో తలుపు తీశాడు.