ఇంజినీరింగ్ సీటు, నాలుగేళ్ళ ఫీజు: తమ్ముడి కూతురికి ఉత్తరం

అమ్మలూ,

పెదనాన్న ఆశీస్సులు. ఇంటర్ పరీక్షలు బాగా రాశానన్నావు, చాలా సంతోషం. నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. ఏదో కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి, "ఇప్పుడే ఇరవై వేలు కట్టి, టెన్త్ మెమో ఒరిజినల్ ఇచ్చేయండి, అమ్మాయికి సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) సీటు ఖాయం, జూలై దాకా ఆగితే దొరకదు" అని చెప్పి వెళ్ళాడట. దాళ్వా (రెండో పంట) ధాన్యం డబ్బు రాగానే కట్టేద్దామా అని అడిగాడు. వద్దని గట్టిగా చెప్పాను. చదివేది నువ్వు కాబట్టి కారణం నీకూ తెలియాలని ఇదంతా రాస్తున్నాను. బ్యాంకులో పనిచేసినన్నాళ్ళూ మన కోనసీమ పిల్లల చదువు అప్పులు ఎన్నో చూశాను. చాలా ఇళ్ళల్లో అప్పు పెరిగింది చదువు వల్ల కాదు, మొదటి నెలలో కంగారుగా తీసుకున్న నిర్ణయం వల్ల.

ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో నూటికి 70 సీట్లు కన్వీనర్ కోటా, మిగతా 30 మేనేజ్‌మెంట్ కోటా. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకు మీద, కౌన్సెలింగ్‌లో వచ్చేది కన్వీనర్ సీటు. దాని ఫీజు ప్రభుత్వం ఖరారు చేస్తుంది. ఇంటి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే ప్రభుత్వమే ఫీజు భరించడం, దానికే వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ సీటుకి ఫీజూ ఎక్కువే, రీయింబర్స్‌మెంట్ కూడా రాదు. కౌన్సెలింగ్ అంతా అయ్యాక మిగిలినవి ఇచ్చే స్పాట్ అడ్మిషన్‌కీ రాదు. క్లాసు ఒకటే, లెక్చరర్ ఒకరే, చివర్లో ఇచ్చే డిగ్రీ కూడా ఒకటే. ఆ పీఆర్వో అమ్ముతున్నది మేనేజ్‌మెంట్ సీటు, ఆ సంగతి అతను చెప్పలేదు. నీకు రేపు ర్యాంకు మీద అదే కాలేజీలో కన్వీనర్ సీటు వస్తే, ఈ ఇరవై వేలు తిరిగి రాబట్టుకోవడానికి మీ నాన్న పని మానుకుని తిరగాలి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. చూసి తిరిగి ఇచ్చేయాలే తప్ప కాలేజీలు వాటిని దగ్గర పెట్టుకోకూడదని యూనివర్సిటీలని చూసే యూజీసీ 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది. టీసీ సంగతి వేరు, అది చేరేటప్పుడు ఇవ్వాలి. అది కూడా ఖాయంగా చేరే కాలేజీకే.

ఇక కాగితాలు. ఈఏపీసెట్‌కి ముందే వీటి పని పూర్తి చెయ్యాలి, ఎందుకంటే ర్యాంకులు వచ్చాక సచివాలయం దగ్గర, మీసేవ దగ్గర ఒకటే రద్దీ. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటోలు భూతద్దం పెట్టి చూశాను. టెన్త్ మెమోలో మన ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంది. మీ నాన్న పేరులో చివరి 'రావు' మెమోలో ఉంది, బియ్యం కార్డులో లేదు. చూడ్డానికి చిన్న తేడాలే. కానీ ఆన్‌లైన్ వెరిఫికేషన్‌లో పేరు కలవకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది, స్కాలర్‌షిప్ కూడా పడదు. టెన్త్ మెమోనే ప్రమాణంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిపోయేలా మార్పించండి. ఆధార్ మార్పు రోజుల్లో అయిపోదు, ఈ వారమే మొదలుపెట్టండి. నీ పేరు మీద ఖాతా తెరిచి, దానికి ఆధార్ లింకు అయిందో లేదో బ్యాంకులో అడిగి చూసుకో. లింకు అయిందని పాస్‌బుక్ చూస్తే తెలియదు, అడిగితేనే చెబుతారు.

ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లన్నీ ఉండాలి. నువ్వు ఎనిమిది దాకా ఊళ్ళో బడిలో, తర్వాత రాజోలులో చదివావు కాబట్టి రెండు చోట్లా అడగాలి. వేసవి సెలవుల్లో బడికి తాళం వేస్తారు, ఆలోపే వెళ్ళండి. ఇవి ఎందుకంటే, మన జిల్లాలు ఆంధ్రా యూనివర్సిటీ లోకల్ ప్రాంతం కింద వస్తాయి, ఇక్కడి కాలేజీల్లో 85 శాతం సీట్లు లోకల్ పిల్లలకే. అది రుజువు చేసేది ఈ సర్టిఫికెట్లే. ఆదాయానికి బియ్యం కార్డు సరిపోతుంది, అయినా తహసీల్దార్ ఇచ్చే ఆదాయ సర్టిఫికెట్ కూడా తీసి ఉంచుకోండి. ఆర్థికంగా వెనకబడిన ఓసీలకిచ్చే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఏ ఆర్థిక సంవత్సరానికి ఆ సంవత్సరమే చెల్లుతుంది. పోయినేడాది అన్నయ్య కోసం తీసింది నీకు పనికిరాదు. ఏప్రిల్ ఒకటి తర్వాత కొత్తది తీయించాలి.

ఈఏపీసెట్ గురించి నీకు చెప్పేంత వాణ్ణి కాదు. ఒక్క మాట: మూడు గంటల్లో 160 ప్రశ్నలు, నెగిటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదిలి రావద్దు. ర్యాంకులో 25 శాతం నీ ఇంటర్ గ్రూపు మార్కులదే, అక్కడ నువ్వు బాగానే ఉంటావు.

అసలు జాగ్రత్త వెబ్ ఆప్షన్ల దగ్గర. ప్రాసెసింగ్ ఫీజు 1200 కట్టాక సైట్లో కాలేజీలు, బ్రాంచీలు వరసగా పెట్టమంటారు. ఎన్నయినా పెట్టొచ్చు. నీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ నీ జాబితాని పైనుంచి కిందికి చూసుకుంటూ వెళ్ళి, ఖాళీ ఉన్న మొదటి సీటు ఇచ్చేస్తుంది. అందుకని "నాకు ఇది రాదులే" అనుకుని ఇష్టమైన కాలేజీని కిందికి నెట్టకు. పైన పెట్టినంత మాత్రాన కిందివి పోవు, కానీ కింద పెడితే పైది ముందే వచ్చేసి నీకు కావలసింది చేజారిపోతుంది. చేరే ఉద్దేశం లేని కాలేజీ అసలు పెట్టకు. మొదటి విడతలో సీటు వచ్చాక రెండో విడతలో మళ్ళీ ఆప్షన్లు పెట్టి, కొత్త సీటు వస్తే పాతది ఆటోమేటిగ్గా రద్దవుతుంది. వెనక్కి వెళ్ళే దారి లేదు.

పోయినేడాది ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో చివరి సీటు ఏ ర్యాంకుకి వచ్చిందో సైట్లోనే ఉంటుంది. ఆడపిల్లలకి మూడోవంతు సీట్లు ఉంటాయి, కాబట్టి అమ్మాయిల వరసలోనే చూడు. పాస్‌వర్డు, ఓటీపీ మాత్రం నెట్ సెంటర్ వాడికి గానీ, "మేమే ఆప్షన్లు పెట్టేస్తాం" అని వచ్చే కాలేజీ వాళ్ళకి గానీ చెప్పొద్దు. వాళ్ళు పెడితే మొదటి ఆప్షన్ వాళ్ళ కాలేజీయే అవుతుంది. సెంటర్లో కూర్చున్నా కీబోర్డు నీ చేతిలోనే ఉండాలి. ఆప్షన్లు ఫ్రీజ్ (ఖరారు) చేశాక ప్రింటు తీసుకో.

బ్రాంచి విషయంలో నా అభిప్రాయం చెబుతాను, నిర్ణయం నీదే. లెక్చరర్లు నిలవని కాలేజీలో సీఎస్ఈ కంటే మంచి కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) నయం. భీమవరం అయితే చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు దాటి రోజూ వెళ్ళిరావచ్చు, హాస్టల్ ఖర్చు తప్పుతుంది. కాకినాడ అయితే హాస్టల్ తప్పదు. మన పక్క ఊళ్ళ నుంచి ఆ కాలేజీల్లో మూడో ఏడాది చదువుతున్న పిల్లల్ని అడుగు. ల్యాబుకి నిజంగా తీసుకెళ్తున్నారా, సబ్జెక్టు మధ్యలో లెక్చరర్లు ఎన్నిసార్లు మారారు, ఇవి వాళ్ళే చెప్పగలరు. బ్రోషర్లో ఫోటోలు ఎవరైనా వేస్తారు.

ఇప్పుడు డబ్బు సంగతి. మీ నాన్న "రీయింబర్స్‌మెంట్ వస్తే ఖర్చేం లేదు" అనుకుంటున్నాడు. అది ప్రభుత్వం ఖరారు చేసిన కాలేజీ ఫీజుకి మాత్రమే. కాలేజీ బస్సు, పుస్తకాలు, ల్యాప్‌టాప్, ఇవన్నీ మన చేతి నుంచే. పైగా ప్రభుత్వం డబ్బు చెప్పిన నెలలో రాదు. అది ఆలస్యమైతే "ముందు మీరు కట్టండి, వచ్చాక తిరిగి ఇస్తాం" అని కాలేజీలు ఒత్తిడి పెడతాయి. పరీక్షల ముందు, హాల్ టికెట్ల దగ్గర ఈ గొడవ ఎక్కువ. అందుకే ఒక సెమిస్టర్ ఫీజు ఎప్పుడూ చేతిలో ఉండాలి. కడితే రసీదు తీసుకోండి, "రీయింబర్స్‌మెంట్ వచ్చాక తిరిగి ఇస్తాం" అన్న మాట దాని మీద రాయించుకోండి. హాజరు 75 శాతం తగ్గితే రీయింబర్స్‌మెంటే ఆగిపోతుంది, అది నీ చేతిలో ఉంది.

మన ఇంట్లో డబ్బు నెలనెలా రాదు. దాళ్వా డబ్బు మే నెలలో, సార్వా (మొదటి పంట) డబ్బు సంక్రాంతి ముందు, మధ్యలో కొబ్బరి దింపులు. కాలేజీ జూలై, ఆగస్టుల్లో అడుగుతుంది. అప్పుడు ఊడ్పులు, ఎరువులు, చేతిలో రూపాయి ఉండదు. వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కేది ఆ నెలల్లోనే. కాబట్టి ఈ దాళ్వా డబ్బులో కౌలు, పాత బాకీ తీర్చే ముందే నీ చదువుకి కొంత తీసి, మీ అమ్మ పేరు మీద మూడు నెలల డిపాజిట్ వేయమని మీ నాన్నకి చెప్పాను. మీ అమ్మ పేరే ఎందుకంటే, ఆవిడ దాన్ని ఎరువుల కొట్టుకి కట్టదు.

అప్పే చేయాల్సి వస్తే బయట వద్దు. మూడు లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి ఆరు వేలు, ఏడాదికి 72 వేలు వడ్డీయే. బ్యాంకు విద్యారుణం పది శాతం అనుకున్నా ఏడాదికి 30 వేలు. నాలుగు లక్షల దాకా మన వాటా డబ్బు పెట్టమనరు, ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగరు. మీ నాన్న సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. చదువు అయ్యాక ఇంకో ఏడాది దాకా వాయిదాలు మొదలవ్వవు. వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే లెక్క, వీలైతే ఆ వడ్డీ నెలనెలా కట్టేస్తే చివర్లో భారం తగ్గుతుంది. పీఎం విద్యాలక్ష్మి పోర్టల్లో దరఖాస్తు పెట్టాలి. ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉంటే, ఆ పథకం జాబితాలో ఉన్న కాలేజీలకి చదువుకునే కాలంలో మూడు శాతం వడ్డీ రాయితీ ఉంది. సాంకేతిక విద్యని చూసే ఏఐసీటీఈ వారి ప్రగతి స్కాలర్‌షిప్ ఆడపిల్లలకే, ఏడాదికి 50 వేలు. మొదటి ఏడాదిలోనే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో పెట్టాలి. రీయింబర్స్‌మెంట్‌తో కలిపి తీసుకోవచ్చో లేదో నిబంధనలు చదివాకే పెడదాం.

జేఈఈ మెయిన్ రాశావు కదా, ఆ ర్యాంకుని తేలిగ్గా తీసుకోకు. తాడేపల్లిగూడెం నిట్‌లో సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకే. ఏడాదికి లక్ష లోపు ఆదాయం ఉంటే ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ, ఐదు లక్షల లోపు అయితే మూడింట రెండు వంతులు మాఫీ. నిట్ సీట్లిచ్చే జోసా కౌన్సెలింగ్ వేరే, దానికి వేరే రిజిస్టర్ అవ్వాలి.

ఇంకొకటి. నీకు లెక్కలంటే ప్రాణమని నాకు తెలుసు. ఇంజినీరింగ్ ఇష్టం లేక, ఊళ్ళో అందరూ చేరుతున్నారని చేరాల్సిన పని లేదు. గవర్నమెంట్ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ గణితం ఆనర్స్ నాలుగేళ్ళూ చదివినా మన ఇంటికి బరువు కాదు, దాని అడ్మిషన్లు ఓఏఎండీసీ సైట్లో వేరే జరుగుతాయి. అది చదవాలనుంటే నాకు చెప్పు, మీ నాన్నతో నేను మాట్లాడతాను.

సోమవారం మీ అమ్మని తీసుకుని ముందు ఆధార్ సెంటర్‌కి, అటునుంచి అటే సచివాలయానికి వెళ్ళు. ఆప్షన్లు తెరిచే రోజుల్లో నేను అక్కడికే వచ్చి ఉంటాను, నీ జాబితా ముందు కాగితం మీద రాసి ఉంచు.

మీ పెదనాన్న