మూడేళ్ల పాపకు నర్సరీ: కూకట్‌పల్లి లాంటి రద్దీ ప్రాంతంలో ఏం చూసి ఎంచుకోవాలి?

కేపీహెచ్‌బీ కాలనీలో ఉంటున్న మీరు, జూన్‌కు మూడేళ్లు నిండే పాపను నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న పేరున్న ప్లే స్కూలులో చేర్చాలా, వీధి చివర ఉన్న చిన్న నర్సరీలో చేర్చాలా అని అడిగారు. మా అబ్బాయి నర్సరీ, పీపీ1, పీపీ2 (ఎల్‌కేజీ, యూకేజీ) ఈ చుట్టుపక్కలే చదివాడు కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రెండూ ఇంచుమించు సమానంగా అనిపిస్తే దగ్గరిదానికే మొగ్గు చూపండి. ఉదయం తొమ్మిది గంటల వేళ జేఎన్‌టీయూ కూడలి దాటి, హైటెక్ సిటీకి వెళ్లే క్యాబులు, కాలేజీ బస్సుల మధ్య నాలుగు కిలోమీటర్లు వెళ్లడం పెద్దవాళ్లకే విసుగు. మూడు గంటల బడి కోసం పసిపిల్లను రోజూ అంతసేపు వ్యానులో కూర్చోబెట్టడం నాకు సబబుగా తోచలేదు. పైగా పాపకు ఒళ్లు వెచ్చబడిందని మధ్యలో ఫోను వస్తే, ఇంట్లో ఉన్న అమ్మమ్మో తాతయ్యో నడిచి వెళ్లి తీసుకురాగలగాలి.

పేరున్నది అన్నారు కాబట్టి ఒక మాట చెప్పాలి. ఈ సంస్థల శాఖలు చాలావరకు ఫ్రాంచైజీలే. బోర్డు ఒకటే అయినా ఒక్కో శాఖను నడిపే యజమాని వేరు, టీచర్లు వేరు. ఒక శాఖ గురించి విన్న మంచి మరో శాఖకు వర్తించదు. మాంటిస్సోరి, అంటే పిల్లలు పరికరాలతో సొంతంగా చేసి నేర్చుకునే పద్ధతి, అన్న బోర్డు చూసి కూడా ఆగిపోవద్దు. పరికరాలు పిల్లల చేతికందే ఎత్తులో ఉన్నాయా, వాటిని పిల్లలు నిజంగా తీసి ఆడుకుంటున్నారా, లేక అద్దాల బీరువాలో అలంకారంగా ఉన్నాయా అన్నది తరగతి గుమ్మంలో నిలబడితే తెలిసిపోతుంది.

అడ్మిషన్ల కౌన్సెలర్ పిలిచిన సమయానికి మాత్రమే వెళ్లకుండా, పిల్లలను ఇంటికి పంపే వేళకు ఒకసారి గేటు బయట నిలబడి చూడండి. నేను చూసిన ఒక బడిలో గేటు బార్లా తెరిచి, ఆటోవాళ్లు పేర్లు కేకలు వేస్తుంటే పిల్లలను ఒకరి వెంట ఒకరిని బయటకు వదిలేస్తున్నారు. ఎదురుగా బైకులు రివర్స్ చేసుకుంటున్నాయి. మేము చివరకు చేర్చిన బడిలో ఆయమ్మ పిల్లవాడి మణికట్టు పట్టుకుని, వచ్చినవారి చేతిలోని కార్డు చూసి, టీచరు తల ఊపాకే చెయ్యి వదిలేది. ఒకరోజు మా మరిది కార్డు మరచిపోయి వెళితే, నాకు ఫోను చేసి కనుక్కునేదాకా పిల్లవాడిని పంపలేదు. మా మరిదికి కోపం వచ్చింది గానీ, నాకు మాత్రం ఆ ఆయమ్మ మీద గౌరవం పెరిగింది.

ఆయమ్మ గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. మూడేళ్ల పిల్లలను బాత్‌రూముకు తీసుకువెళ్లేది, తడిసిన బట్టలు మార్చేది, అన్నం తినిపించేది ఆమే. టీచర్ల అర్హతలు అడిగినట్టే, ఆయమ్మలు ఎందరు, ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారు అని కూడా అడగండి. 2013 నాటి జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం ప్రకారం 3 నుంచి 6 ఏళ్ల పిల్లలు 20 మందికి ఒక పెద్ద మనిషి ఉండాలి. మూడేళ్లలోపు వారైతే పదిమందికి ఒకరు. ఒక గదిలో ముప్పై అయిదు మందిని ఒక్క టీచరు చూస్తుంటే, ఆమె ఎంత మంచిదైనా ఫలితం ఉండదు.

మన కాలనీల్లో నర్సరీలు చాలావరకు పాత ఇండిపెండెంట్ ఇళ్లలో నడుస్తాయి కాబట్టి గోడల మీది బొమ్మల కంటే ముందు సంపు మూత చూడండి. ఒకచోట పిల్లలు ఆడుకునే వాకిట్లోనే సంపు ఉంది; దాని మీద తుప్పు పట్టిన రేకు, రేకు మీద ఒక ఇటుక. మిగతావి చూడకుండానే వచ్చేశాం. మేడ మెట్లకు గేటు, బాత్‌రూము గడియ, నీళ్లు నింపి వదిలేసిన బకెట్లు, ఎండాకాలంలో నీళ్ల ట్యాంకరు లోపలికి వచ్చే వేళ, ఇవన్నీ అడిగి తెలుసుకోవలసినవే.

చదువు విషయంలో తొందరపడే బడిని నేనైతే వద్దనే అంటాను. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్య ప్రణాళిక కూడా ఈ వయసులో ఆటపాటలకే పెద్దపీట వేసింది. నర్సరీ పిల్ల చేత నోటుపుస్తకం నిండా రాయించి, దాన్ని తల్లిదండ్రులకు గర్వంగా చూపించే చోట వేళ్ల నొప్పి తప్ప మరేమీ మిగలదు. ఇంగ్లీషు తప్ప మరో భాష మాట్లాడకూడదనే నియమం ఉందా అని కూడా అడగండి. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్ల, ఆ నియమానికి భయపడి బాత్‌రూముకు వెళ్లాలని చెప్పలేక బట్టలు తడుపుకుంటుంది.

వయసు లెక్క కూడా చూసుకోండి. 2020 జాతీయ విద్యా విధానం ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంటుంది. కేంద్రీయ విద్యాలయాలు 2022-23 నుంచి అదే పాటిస్తున్నాయి. మూడు నిండాక నర్సరీలో చేరితే మూడేళ్ల తరువాత లెక్క సరిగ్గా సరిపోతుంది కాబట్టి మీ పాపకు ఇబ్బంది లేదు.

ఇక ఫీజు. అడ్మిషన్ ఫీజు, టర్మ్ ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, వ్యాను, వార్షికోత్సవం బట్టలు, అన్నీ కలిపి ఏడాదికి ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. ఏడాది మొత్తం ఒకేసారి కడితే తగ్గిస్తామంటారు. పాప అలవాటు పడుతుందో లేదో తెలిసేదాకా మొదటి టర్మ్ మాత్రమే కట్టి, మధ్యలో మానేస్తే ఏది తిరిగి ఇస్తారో ఆ కాగితంలోనే రాసిమ్మని అడగండి.