అన్నయ్య అక్కడే ఉండిపోయాడు: పిల్లల దగ్గర అతని ఊసు ఎత్తాలా, దాచాలా?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. టీచరుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో ఉంటారు. పిల్లలు కలగకపోవడంతో నిరుడు కొలంబియా దేశంలోని ఒక అనాథాశ్రమం నుంచి ఇద్దరు పిల్లల్ని దత్తత తెచ్చుకున్నారు. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఆరు. నిజానికి వాళ్లు ముగ్గురు. పదిహేనేళ్ల పెద్దవాడు ‘నేను రాను, తమ్ముణ్నీ చెల్లినీ తీసుకెళ్లండి’ అన్నాడట. ఇప్పుడు సెలవులకని మా అమ్మాయి పిల్లలిద్దర్నీ తీసుకొచ్చింది. ఆగస్టులో వెళ్లిపోతారు. పాప రాత్రిళ్లు ఉలిక్కిపడి లేచి, అన్న పేరు పిలుస్తూ ఏడుస్తోంది. మొన్న దిండుకి చీమలు పట్టాయని దులిపితే గలీబులోంచి సగం ఇడ్లీ, రెండు బిస్కెట్లు, ఎండిపోయిన అరటిపండు ముక్క పడ్డాయి. బాబు అన్న మాటే ఎత్తడు. కానీ చెల్లికి నన్ను అన్నం పెట్టనివ్వడు, తనే కలిపి తనే పెడతాడు. ‘పెద్దాడి మాట ఎత్తితే వీళ్లు మరిచిపోలేరమ్మా, ఫొటోలు కూడా తీసేశాను’ అంటోంది మా అమ్మాయి. అది చేస్తున్నది సరైనదేనా? పాప వయసుకి తగ్గ ఎత్తు లేదు, ఆకలి టానిక్ పట్టమంటారా? ఈ పిల్లలు అందరు పిల్లల్లా అవుతారా?
– ఒక అమ్మమ్మ, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ ఫొటోలు బయటికి తీయించండి. పాప కళ్లకి అందే ఎత్తులో, ఇంట్లో వాళ్ల ఫొటోలున్న గోడకే పెద్దవాడి ఫొటో కూడా తగిలించండి. మీరు అడిగిన వాటిలో ఒక్క రోజు కూడా ఆగకూడనిది ఇదే.

మీ అమ్మాయిని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఒకప్పుడు చాలా దేశాల్లో దత్తత ఇప్పించేవాళ్లే ఈ సలహా ఇచ్చేవారు: పాత బంధాలు తెగిపోతేనే కొత్త బంధం అతుక్కుంటుందని. అలా పెరిగి పెద్దయిన పిల్లలు తమ సంగతి తామే చెప్పుకోవడం మొదలెట్టాక ఆ నమ్మకం నిలబడలేదు. ఇంట్లో ఎవరూ ఎత్తని మనిషిని పిల్లలు మరిచిపోరు. ఆ మనిషి గురించి మాట్లాడకూడదని మాత్రం నేర్చుకుంటారు. పగలు మాట్లాడకూడనిది రాత్రి నిద్రలో బయటికొస్తుంది. మీ పాప విషయంలో నాకు కనిపిస్తున్నది ఇదే.

ఇందులో ఒక కష్టం ఉంది. చనిపోయిన మనిషి కోసం ఏడిస్తే ఇంట్లో అందరూ కూడా కూర్చుని ఏడుస్తారు, దినవారాలు చేస్తారు, ఆ దుఃఖానికి ఒక దారి ఉంటుంది. అన్నయ్య బతికే ఉన్నాడు, ఎక్కడున్నాడో తెలుసు, కానీ పక్కన లేడు. ఆరేళ్ల పిల్లకి ఇది అర్థం కాదు. దాని బుర్రకి తోచేది ఒక్కటే: నేనేదో చేశాను, అందుకే అన్నయ్యని వదిలేశారు. లేకపోతే, రేపు నన్నూ వదిలేస్తారేమో. ఈ రెండో భయమే దిండు గలీబులో ఇడ్లీ అయి కూర్చుంది.

మన వైపు ఇది మరీ తెలియని కథ కాదు. ఉద్దానంలో, విజయనగరం పల్లెల్లో అమ్మానాన్నలు హైదరాబాదుకో చెన్నైకో పనికి పోతూ చంటిదాన్ని చంకనేసుకుని, బడికెళ్లే పెద్దవాణ్ని ముసలమ్మ దగ్గర వదిలివెళ్లడం ఎన్నో ఇళ్లలో చూస్తాం. నా ఓపీకి కడుపునొప్పని వచ్చే పిల్లల్లో ఇలాంటివాళ్లుంటారు. స్కానింగ్‌లో ఏమీ ఉండదు, మూత్రపరీక్షలో ఏమీ ఉండదు. ఇంట్లో ఎవరెవరుంటారు నాన్నా అని అడిగితే ఊళ్లో లేని తమ్ముడి పేరు ముందు చెబుతారు. ఎవరైనా వాళ్ల దగ్గర కూర్చుని ఆ తమ్ముడి గురించి పది మాటలు చెప్పనిస్తే కొంత తేరుకుంటారు.

మీరు అడిగిన చివరి ప్రశ్న, వీళ్లు అందరిలా అవుతారా అన్నది, దాచడం గురించి అడిగిన ప్రశ్నతోనే ముడిపడి ఉంది. ఆశ్రమంలో పిల్లల్ని దెబ్బతీసేది తిండి తక్కువవడం ఒక్కటే కాదు. షిఫ్టుకో ఆయా మారుతుంది, నెలకో కొత్త ముఖం వస్తుంది, ‘ఇది నా మనిషి’ అనుకోవడానికి ఎవరూ మిగలరు. 2000లో రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 136 మంది ఆశ్రమ పిల్లల మీద ఒక పరిశోధన మొదలుపెట్టారు. లాటరీ పద్ధతిలో సగంమందిని పెంపుడు కుటుంబాల్లో ఉంచి, మిగతావాళ్లతో పోలుస్తూ ఏళ్లతరబడి చూశారు. కుటుంబాల్లోకి వెళ్లినవాళ్లకి తెలివితేటలు, మనుషులతో అల్లుకుపోయే గుణం మెరుగయ్యాయి. రెండేళ్లలోపే వెళ్లినవాళ్లు ఇంకా బాగా తేరుకున్నారు. మీ పిల్లలు అంత చిన్న వయసులో ఇంటికి చేరలేదు. అయితే చాలామంది ఆశ్రమ పిల్లలకి దొరకనిది వీళ్లకి దొరికింది: మారని మనిషి ఒకడు. తను తినేముందు వీళ్లకి పెట్టి, రాత్రి పక్కన పడుకోబెట్టుకుని ఉంటాడు ఆ అన్నయ్య. పాప ఇంతగా బెంగపడుతోందంటే, మనిషిని నమ్మి ప్రేమించడం దానికి వచ్చని అర్థం. రేపు మీ అమ్మాయిని అమ్మా అని గట్టిగా పట్టుకోబోయేది కూడా ఆ నేర్పుతోనే. అన్నయ్యని దాని మనసులోంచి పెరికేస్తే ఆ నేర్పు కూడా పోతుంది. నేను ఊరటకి చెప్పడం లేదు, ఉన్న మాటే చెబుతున్నాను: వీళ్లు తేరుకుంటారని ఆశపడటానికి గట్టి కారణం ఆ పెద్దబ్బాయే.

ఇక పాపతో ఏం మాట్లాడాలి? రాత్రి లేచి ఏడ్చినప్పుడు ‘ఏం లేదు, పడుకో’ అనకండి. దగ్గరికి తీసుకుని ‘అన్నయ్య గుర్తొచ్చాడా? నాకు తెలుసు’ అనండి. పగటి పూట, మనసు కుదుటగా ఉన్నప్పుడు, మీ అమ్మాయి నోటితోనే మూడు సంగతులు చెప్పించండి. నువ్వు అన్నయ్యని వదిలి రాలేదు, ఎవరు ఎక్కడుండాలో పెద్దవాళ్లు నిర్ణయించారు. అన్నయ్యకి నువ్వంటే ఇష్టం పోలేదు. నువ్వు ఈ ఇంట్లోనే ఉంటావు, నిన్ను ఎక్కడికీ పంపం. ఒక్కసారి చెబితే సరిపోదు, వారానికోసారైనా చెప్పాలి. ‘అన్నయ్య వచ్చేస్తాడులే’ అని మాత్రం ఎవరూ అనొద్దు. ‘వాడే రానన్నాడు’ అని కూడా అనొద్దు. దేశాల మధ్య దత్తతల కోసం కుదిరిన 1993 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం పిల్లల వయసును బట్టి వాళ్ల ఇష్టాన్ని కనుక్కోవాలి, అందుకే ఆ అబ్బాయిని అడిగారు. ఆ వయసు కుర్రాడు రానన్నాడంటే వెనక ఎన్నో ఉండొచ్చు. కన్నతల్లి ఎక్కడో ఉందన్న ఆశ, తెలియని భాషంటే భయం, స్నేహితులు. తనూ వస్తానంటే చిన్నవాళ్ల అవకాశం పోతుందేమోనన్న ఆలోచన కూడా ఉండొచ్చు. అది ఆరేళ్ల పిల్ల చెవిలో ‘నిన్ను వద్దన్నాడు’ అని పడకూడదు.

బాబు గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, నాకు ఎక్కువ బెంగగా ఉన్నది ఆ పిల్లాడి గురించే. ఏడ్చే పిల్ల కనబడుతుంది, ఓదారుస్తాం. ఏడవని పిల్లాణ్ని బుద్ధిమంతుడు అంటాం. ఆశ్రమంలో అన్నయ్య చేసిన పని ఇక్కడ వీడు భుజానికెత్తుకున్నాడు. తొమ్మిదేళ్ల పిల్లాడు చెల్లెలి పళ్లెంలో అన్నం కలుపుతూ, ముందు దాని నోట్లో పెట్టి, తర్వాత తను తింటున్నాడంటే, ఈ ఇంట్లో పెద్దవాళ్లు రేపు ఉంటారో ఉండరో అన్న లెక్క వాడి మనసులో ఇంకా తెగలేదు. ఆ పళ్లెం వాడి చేతిలోంచి లాక్కోకండి. మీ అమ్మాయిని పక్కన కూర్చోమనండి. ‘చెల్లిని బాగా చూసుకుంటున్నావు నాన్నా, నీకు నేను పెడతాను’ అని వాడికి ఆమెనే ముద్దలు పెట్టమనండి. వద్దంటే బలవంతం చేయొద్దు, మర్నాడు మళ్లీ అడగమనండి. చెల్లికి పెట్టే పని వాడే ఆమెకి అప్పగించే రోజు వస్తుంది, అప్పుడు తీసుకోమనండి. అన్న ఊసు ఎత్తమని కూడా వాణ్ని ఒత్తిడి చేయకండి. ఫొటో గోడమీద ఉంటే చాలు, ఎవరూ లేనప్పుడు వాడే దాని ముందు నిలబడతాడు.

తిండి దాచే అలవాటుకి తిట్టడం, నలుగురిలో చెప్పి నవ్వడం రెండూ పనికిరావు. పాప పేరు రాసిన మూత డబ్బా ఒకటి మంచం పక్కన పెట్టండి. బిస్కెట్లు, వేరుసెనగ చిక్కీలు, అరటిపండు అందులో వేసి, ఎప్పుడు కావాలన్నా తినొచ్చని చెప్పండి. ఖాళీ అవగానే అడక్కముందే నింపండి. అన్నం వేళలు గడియారం పెట్టినట్టు ఉండాలి. కొన్ని వారాలకి డబ్బా నిండుగానే ఉండిపోతుంది. కొందరికి నెలలు పట్టినా కంగారు పడొద్దు. అమెరికా వెళ్లాక కూడా అలాంటి డబ్బానే ఉంచమనండి.

అన్నయ్యతో ఫోన్లో మాట్లాడించమన్నదే నా సలహా. దత్తత ఇప్పించిన ఏజెన్సీ ద్వారా, కొలంబియా శిశు సంక్షేమ శాఖ ఐసీబీఎఫ్ ద్వారా అనుమతి అడగమనండి. మనకి ఉదయం 7 గంటలైతే అక్కడ ముందురోజు రాత్రి 8:30, ఇద్దరికీ వీలైన వేళే. పదిహేను రోజులకోసారి ఒక రోజు ఖాయం చేసి, తప్పకుండా చేయాలి. మాట్లాడాక పాప గంటసేపు ఏడవొచ్చు. అది చూసి ఫోన్లు ఆపేస్తారు చాలామంది. మాట్లాడినందువల్ల పుట్టిన ఏడుపు కాదది, లోపల ఉన్నదే బయటికి వచ్చింది. ఫోన్ అయ్యాక ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి మనిషి ఉంటే చాలు.

దీనికి అడ్డం పడే సంగతి ఒకటుంది. పిల్లలు స్పానిష్ మరిచిపోతారు. ఇంట్లో ఎవరూ మాట్లాడకపోతే ఆరేళ్ల పిల్లకి ఏడాది తిరిగేసరికి పుట్టిన భాష చాలావరకు జారిపోతుంది. రెండేళ్ల తర్వాత అన్నయ్య ఫోన్లోకి వస్తే ‘హలో’ తర్వాత మాట ఉండదు. అమెరికాలో స్పానిష్ మాట్లాడేవాళ్లకి కొదవ లేదు. బడి అయ్యాక వారానికి రెండు రోజులైనా ఆ భాషలో ఆడించే మనిషిని పెట్టుకోమనండి. తెలుగు నేర్పాలన్న మీ ముచ్చట కాదనను, అదీ నేర్పండి. స్పానిష్‌ని పక్కకి నెట్టి మాత్రం కాదు.

బంధువులకి కూడా ఒక మాట చెప్పి ఉంచండి. ‘ఎంత పుణ్యం చేసుకున్నారో, మంచి ఇంట్లో పడ్డారు’ అని పిల్లల ముందు అనొద్దు. ఇష్టమైన మనిషిని పోగొట్టుకున్న పిల్లకి ఆ మాట గుచ్చుకుంటుంది. వచ్చినవాళ్లంతా ఎత్తుకుని ముద్దులాడటం కూడా తగ్గించండి. అన్నం, స్నానం, నిద్ర ఈ కొద్దికాలం అమ్మ చేతిమీదే జరగాలి. మీ అమ్మాయి కూడా అలసిపోయి ఉంటుంది. పాప ‘అన్నయ్య కావాలి’ అన్నప్పుడల్లా ‘నేను చాలనా’ అని ఆమెకి అనిపిస్తుంది. మీరు ఆమెను కూడా కాస్త కూర్చోబెట్టుకుని తల నిమరండి.

ఎత్తు సంగతి. ఆశ్రమంలో గడిపిన ప్రతి మూడు నెలలకి సుమారు ఒక నెల ఎదుగుదల వెనకబడుతుందని ఇలాంటి పిల్లల్ని చూసే వైద్యులు లెక్కవేస్తారు. ఇంటి తిండి, నిద్ర పడ్డాక చాలామంది అందుకుంటారు. ఆకలి టానిక్ వద్దు. అది నిద్రమత్తు తెస్తుంది తప్ప ఎముకని పెంచదు. గుడ్డు, పప్పు, పాలు, మన రాగి అంబలి పెట్టండి. దత్తత అయిన కొత్తలో అమెరికాలో చేసిన పరీక్షల కాగితాలు తెప్పించి చూడండి: రక్తహీనత, థైరాయిడ్, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ, సిఫిలిస్, సీసం, మలపరీక్ష, టీబీ. టీబీ పరీక్ష మూడు నుంచి ఆరు నెలల తర్వాత రెండోసారి చేయాలి, చాలామంది అది మరిచిపోతారు. ఇలా వచ్చిన ఆడపిల్లల్లో కొందరు తొందరగా ఈడేరతారు. ఎనిమిదేళ్లలోపే రొమ్ములు కనిపిస్తే వెంటనే పిల్లల హార్మోన్ వైద్యులకి చూపించాలి. ఇక్కడున్నన్నాళ్లు కాచి చల్లార్చిన నీళ్లు, దోమతెర తప్పనిసరి. వీధికుక్కల్ని ముట్టుకోకుండా చూడండి. కరిచినా గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకా వేయించాలి.

బరువు తగ్గుతున్నా, రోజుల తరబడి తిండి మానేసినా, ‘నేను చచ్చిపోతాను’ లాంటి మాట అన్నా ఆగస్టు దాకా ఆగకండి. శ్రీకాకుళం రిమ్స్‌లో మానసిక వైద్యుల్ని కలవండి. రాత్రివేళ తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. అమెరికా వెళ్లాక దత్తత పిల్లలతో పనిచేసిన కౌన్సెలర్‌ని వెతుక్కోమనండి. మామూలు కౌన్సెలర్‌కి ఈ తోబుట్టువుల సంగతి అందకపోవచ్చు.

పెద్దబ్బాయి గురించి మరొకటి. ఇది వైద్యం కాకపోయినా గడువున్న విషయం కాబట్టి చెబుతున్నాను. అమెరికా చట్టం ప్రకారం విదేశీ దత్తత పిటిషన్ పిల్లలకి పదహారేళ్లు నిండకముందే వేయాలి. అయితే తోబుట్టువుని అదే తల్లిదండ్రులు అప్పటికే దత్తత తీసుకుని ఉంటే పద్దెనిమిది నిండేదాకా వీలుంది. పదిహేనేళ్లకి రానన్నవాడు పదిహేడుకి వస్తాననొచ్చు. రానే రాకపోవచ్చు, అదీ వాడి ఇష్టమే. తలుపు తెరిచే ఉందని మాత్రం వాడికి ఎవరో ఒకరు చెప్పాలి. మీ అమ్మాయి, అల్లుడుగారు ఆ పుట్టినరోజు తేదీని, దత్తత కాగితాల్ని చేతపట్టుకుని తమ ఇమిగ్రేషన్ వకీలుతో ఈ నెలలోనే మాట్లాడమనండి.