చూడి పందుల దాణా గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మొన్న ఫోన్లో అడిగావు: "యాంటీఆక్సిడెంట్ పొడి అంట మామా, చూడి పందులకు వేస్తే పిల్లలు ఎక్కువ పుడతాయంట, కొనేదా?" అని. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని కూర్చుని రాస్తున్నా.

ఎన్ని పిల్లలన్నది మగ పందితో దాటించిన తొలి నెలలోనే తేలిపోతుంది. ఆ తర్వాత ఏ డబ్బా వేసినా లెక్క పెరగదు. అట్లని ఆ మందు వట్టిదనీ కాదు. పుట్టిన పిల్ల బతికి బట్టకట్టడానికి, తల్లి జబ్బు పడకుండా పాలివ్వడానికి అది పనికొస్తుంది. నువ్వు ఆశించాల్సింది అది.

మీ షెడ్డుకు వచ్చినప్పుడు తవుడు మూట విప్పి ఒక గుప్పెడు తీశాను, గుర్తుందా? పాత నూనె కాగినట్టు వాసన. తవుడులో నూనె ఎక్కువ. బియ్యం పట్టిన గంటల నుంచే అది చెడటం మొదలవుతుంది, మన చిత్తూరు ఎండకి ఇంకా త్వరగా. గాలి తగిలి నూనె పాడవడం ఎట్లాంటిదో, పంది ఒంట్లోనూ అట్లాంటిదే జరుగుతుంది. చూడి 114 రోజులు. ఆఖరి నెలలో పది పన్నెండు పిల్లలు కడుపులో ఒక్కసారిగా పెరుగుతాయి. తల్లి ఒళ్లు రాత్రింబగళ్లు మండుతున్న పొయ్యి లాగా పనిచేస్తుంది. ఆ వేడిలో పుట్టే చెడుపు, ఒంట్లోని కణాల పొరల్లో ఉండే కొవ్వును దెబ్బతీస్తుంది. దానికి అడ్డం పడేవాటినే యాంటీఆక్సిడెంట్లు అంటారు: విటమిన్ ఇ, దానికి తోడు సెలీనియం అనే ఖనిజం. ముక్కిన తవుడు పెడితే, అందులో ఉన్న విటమిన్ ఇ ముందే పోయి ఉంటుంది, పైగా ఆ చెడిన నూనె తల్లి ఒంట్లో ఉన్నదాన్ని కూడా తినేస్తుంది. ఒక చేత్తో డబ్బా పోసి ఇంకో చేత్తో ముక్కిన తవుడు పోస్తే ఏం లాభం?

నేను ఇది నష్టపోయి నేర్చుకున్నా. ఒక వేసవిలో చవగ్గా వస్తోందని మూడు నెలలకు సరిపడా తవుడు రేకుల కింద దించాను. మూటలో చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉండేది. అయినా పెట్టాను. ఆ ఈతలో పదకొండు పిల్లలు, చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. మూడో రోజు ఎప్పటి లాగే ఐరన్ సూది వేశాను. సాయంత్రానికి ఒకటి కాళ్లు చాచేసింది, తెల్లారేసరికి ఇంకో మూడు. డాక్టరు ఒకదాన్ని కోసి చూపించాడు, తొడ కండ పాలిపోయి ఉడికిన చికెన్ లాగా ఉంది. "తల్లికి ఏం పెడుతున్నావు?" అని అడిగాడు. విటమిన్ ఇ, సెలీనియం తక్కువైన పిల్లలకు మామూలు ఐరన్ సూదే విషమవుతుందని ఆ రోజు తెలిసింది. ఆ నాలుగు పిల్లలు ఇప్పటికీ కళ్ల ముందు ఆడతాయి నాకు.

విటమిన్ ఇ తల్లి కడుపులో పిల్లకు సరిగ్గా అందదు, జున్నుపాలలోనే అందుతుంది. అందుకే ఈతకు ముందు నెల, పాలిచ్చే రోజులు, ఈ రెండూ ముఖ్యం. చూడి పందికి కిలో దాణాకి 44 యూనిట్ల విటమిన్ ఇ ఉండాలంటారు, రోజుకు రెండున్నర కిలోలు తింటే 110 యూనిట్లు. డబ్బా మీద ఆ లెక్క రాసి ఉందో లేదో చూడు. ఎంతుందో రాయకుండా "శక్తివంతమైన" అని మాత్రమే ఉంటే కొనొద్దు. విటమిన్ సి కోసం విడిగా ఖర్చు పెట్టొద్దు, పంది ఒళ్లే దాన్ని తయారు చేసుకుంటుంది.

సెలీనియం మాత్రం విడిగా తెచ్చి నీ చేతులతో కలపొద్దు, నా మీద ఒట్టు. కావాల్సింది టన్ను దాణాకి గ్రాములో ఏడో వంతు. అది గరిటెతో తూచేది కాదు. ఎక్కువైతే వెంట్రుకలు ఊడతాయి, గిట్టలు పైనుంచి విడిపోతాయి, కాళ్లు పడిపోతాయి. అన్నీ కొలిచి కలిపిన ప్రీమిక్స్ కొను, అందులో సెలీనియం ఉంటే ఇంకో డబ్బా జోలికి పోవద్దు. కలిపిన దాణా రెండు వారాలకు మించి నిల్వ పెట్టకు. దాణాలో కలిసే రాగి, ఇనుము ఉప్పులు తగిలితే విటమిన్లు త్వరగా చస్తాయి.

తవుడు బదులు నూనె తీసిన తవుడు అడుగు. శెనక్కాయ చెక్క బూజు లేకుండా చూసుకో. పెరట్లో మునగ, అవిసె ఉన్నాయి కదా, రోజూ గుప్పెళ్లతో లేత ఆకు వెయ్యి. తిరుపతి హోటళ్ల మిగులు తెచ్చినా బాగా ఉడకబెట్టకుండా పెట్టొద్దు, వేయించిన పాత నూనె తేలితే అది అసలే వద్దు. మధ్యాహ్నం పూట షెడ్డు మీద నీళ్లు చల్లు, ఎండలో రొప్పే పందికి మందొక్కటే చాలదు.

ఇంకా అనుమానముంటే తిరుపతి పశువైద్య కళాశాలలో పందుల పరిశోధన చూసేవాళ్లున్నారు, వాళ్లనడుగు. దాణా నమూనా ఇస్తే ఏం లోటో చెప్తారు.

ఆదివారం అక్కను తీసుకుని చంద్రగిరికి రా. వచ్చేటప్పుడు ఆ తవుడు గుప్పెడు, డబ్బా లేబుల్ రెండూ తెచ్చుకో, దాటించిన తేదీలు రాసుకో. ఇద్దరం కూర్చుని లెక్క వేద్దాం.

ఇట్లు,
మీ మామ