పూరీ దారిలో అఠారనాలా: వంతెన మీద కాదు, కిందికి దిగి చూడండి

బరంపురం నుంచి పిల్లలతో పూరీ వెళ్తున్నాం, ఊరు ఇంకా రాకముందే అఠారనాలా అనే పాత రాతి వంతెన ఉందట, అక్కడ ఆగితే టైమ్ వేస్టా అని అడిగారు కదా. ఆగండి. కాకపోతే పైన నిలబడి ఫొటో దిగి వచ్చేస్తే మాత్రం ఆగినా ఆగకపోయినా ఒకటే.

మాదీ బరంపురమే. ఎన్నోసార్లు దాన్ని దాటినా నాకు ఎప్పుడూ ఏమీ అనిపించలేదు, ఎందుకంటే పైనుంచి అది మామూలు దారే. మొన్న వేసవిలో మా మామయ్య పట్టుబట్టి గట్టు దింపాడు, అప్పుడు కనిపించాయి కానాలు, అంటే వంతెన కింద నీళ్ళు పోయే ఖాళీలు. అఠారా అంటే పద్దెనిమిది, నాలా అంటే నీళ్ళు పోయే దారి. చిల్లులు చిల్లులుగా ఉండే ఎర్రటి లేటరైటు రాయి, సుమారు 85 మీటర్ల పొడవు, 11 మీటర్ల వెడల్పు. 13వ శతాబ్దంలో గంగరాజుల కాలంలో కట్టారు, అదే మన శ్రీకాకుళం ముఖలింగం నుంచి ఏలిన వంశం.

అసలు చూడాల్సింది కానా లోపలి పైకప్పు. ఇప్పటి ఆర్చీల్లాగా రాళ్ళను వంపుగా చెక్కి బిగించింది కాదది. రెండు వైపుల నుంచీ ఒక్కో వరస రాళ్ళను కింది వరస కన్నా కాస్త ముందుకు జరిపి పేర్చుకుంటూ పోయి పైన కలిపేశారు, గుళ్ళలో చేసినట్టే. ఇలా కడితే కానా మరీ వెడల్పు పెట్టలేరు, అందుకే అన్ని కానాలు, మధ్యలో అంత లావు దిమ్మెలు. ఎంత కట్టినా వంతెన నిలవకపోతే రాజు తన పద్దెనిమిది మంది కొడుకులను బలిచ్చాడని కథ చెప్తారు, పిల్లల ముందు వద్దులెండి.

నీళ్ళు మాత్రం మురికిగా ఉన్నాయి, చెప్పులతో జాగ్రత్త, వానాకాలంలో అసలు దిగకండి. ఇంకోటి, మా మేనల్లుడు బండి తాళంచెవితో రాయి మీద పేరు గీకబోతే చెయ్యి లాగాల్సి వచ్చింది. రక్షిత కట్టడం కదా, పాడు చేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, రెండూ పడొచ్చు కూడా.

పిల్లల చేత కానాలు లెక్కపెట్టించండి. మా మామయ్యకు పదిహేడే వచ్చాయి, నాకు పద్దెనిమిది, చివరిది పొదల్లో ఉందంటే ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు.