పాఠకుల ప్రశ్నలు: భీమిలి తీరంలో ఏది ఎప్పుడు చూడాలి?

ప్రశ్న: రైల్లో తెల్లవారేసరికి విశాఖలో దిగుతాం. మాతో మా అత్తగారు, ఇద్దరు పిల్లలు ఉంటారు. చేతిలో ఉన్నది ఒక్కరోజే. కారు మాట్లాడుకుని భీమిలి దాకా వెళ్లి రావాలనుకుంటున్నాం. ఎక్కడెక్కడ ఆగమంటారు?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మామూలుగా కారు వాళ్లు ఆర్కే బీచ్‌తో మొదలుపెట్టి కైలాసగిరి, రుషికొండ చూపిస్తూ భీమిలి తీసుకెళ్తారు. అలా వెళ్తే అక్కడికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం అవుతుంది. పడవల దగ్గర సందడి ఉండదు, ఇసుక మీద కాలు పెట్టలేరు, ఎర్రమట్టి దిబ్బల్లోకి దిగితే పిల్లలు తట్టుకోలేరు. అందుకే ముందు నేరుగా భీమిలి వెళ్లిపోండి, మిగతావన్నీ తిరుగు ప్రయాణంలో చూసుకోండి. ఆర్కే బీచ్ నుంచి తీరం వెంట 25 కిలోమీటర్లు. పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉంటుంది కాబట్టి ముప్పావు గంట చాలు.

భీమిలిలో మొదటి పని పడవలు ఒడ్డుకు చేరే చోటికి వెళ్లడం. అక్కడి నుంచి గోస్తని నది సముద్రంలో కలిసే చోటు చూడండి. బొర్రా గుహల వైపు నుంచి వచ్చే నది ఇదే. తర్వాత డచ్చివాళ్ల సమాధులు. 17వ శతాబ్దంలో వ్యాపారానికి వచ్చిన డచ్చివాళ్లు 1825లో ఈ ఊరిని ఇంగ్లిషువాళ్లకు అప్పగించి వెళ్లారు. రాళ్ల మీద చెక్కిన అక్షరాలు ఉదయపు ఏటవాలు వెలుగులోనే స్పష్టంగా తేలతాయి. పొద్దెక్కాక అదే రాయి చదునుగా కనిపిస్తుంది, చదవడం కష్టం. సమాధుల మీదికి పిల్లల్ని ఎక్కనివ్వకండి. లైట్‌హౌస్, గడియార స్తంభం దారిలోనే తగులుతాయి. వాటికి పది నిమిషాలు చాలు.

ఏడున్నరకల్లా బయల్దేరి, వెనక్కి 4–5 కిలోమీటర్లలో ఉన్న ఎర్రమట్టి దిబ్బల దగ్గర గంటసేపు ఆగండి. అత్తగారిని లోపలికి నడిపించొద్దు, అంచునుంచి చూసినా బాగానే ఉంటుంది. అక్కడి నుంచి బౌద్ధ స్థలమైన తొట్లకొండ. కింద మంగమారిపేట ఒడ్డున సముద్రం తొలిచిన రాతి తోరణం ఉంది. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడే దాని దగ్గరికి పోగలరు, పోటు సమయంలో రోడ్డు పక్క నుంచి చూసి సరిపెట్టుకోండి. మధ్యాహ్నం భోజనం, విశ్రాంతి. సాయంత్రం ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం. సోమవారం దానికి సెలవు, కాబట్టి రైలు టికెట్ తీసేటప్పుడే వారం చూసుకోండి. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి ఇరుకు ద్వారాల గుండా వంగి, కాలెత్తి దాటాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బయట కూర్చోవడమే మంచిది.

ప్రశ్న: ఎర్రమట్టి దిబ్బలు మధ్యాహ్నం ఒంటిగంటకు చూశాం. అన్నీ ఒకేలా ఉన్నాయి, దారి తప్పి అరగంట తిరిగాం. ఫొటోలు కూడా వెలవెలబోయాయి. అంత చెప్పుకునే చోటేనా అది?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: తప్పకుండా చెప్పుకోవాల్సిన చోటే. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోకి చేరింది. మీరు వెళ్లిన వేళే సరైంది కాదు.

ఆ దిబ్బలు ఎలా పుట్టాయో తెలిస్తే అక్కడ ఏం చూడాలో తెలుస్తుంది. మంచుయుగం చివర్లో, సుమారు 20 వేల ఏళ్ల కిందట, సముద్రమట్టం ఇప్పటికంటే వంద మీటర్లకు పైగా కిందికి పోయింది. బయటపడ్డ అడుగు ఇసుకను గాలి లోపలికి ఎగదోసి గుట్టలు పోసింది. ఇలా మట్టం దిగినప్పుడల్లా, ఎక్కినప్పుడల్లా పొర మీద పొర చేరింది. ఇసుకలోని ఇనుప ఖనిజాలు గాలికీ నీటికీ శిథిలమై రేణువుల మీద ఎర్రటి పూతగా ఏర్పడ్డాయి. ఆ ఎరుపు పూతదే, రేణువుది కాదు. చిటికెడు ఇసుక అరచేతిలో వేసి తడి వేలితో బాగా రుద్దండి, వేలికి ఎరుపంటుతుంది, అడుగున రేణువు పాలిపోయి కనిపిస్తుంది. చూశాక ఆ ఇసుక అక్కడే వదిలేయండి.

తెగిన గోడ ముందు నిలబడి పై నుంచి కిందికి చూపు దించండి. పైన లేత పసుపు ఇసుక, దాని కింద ఇటుక ఎరుపు, ఇంకా కింద గట్టి కణుపులున్న ముదురు పొర, అన్నిటికీ అడుగున మళ్లీ పసుపు. ఒకే గోడలో నాలుగూ దొరకవు. గోడ ఎక్కడ ఎంత లోతు తెగిందో దాన్నిబట్టి రెండో మూడో కనిపిస్తాయి. శిలాయుగపు పనిముట్లు దొరికిన నేల ఇది. మట్టి పక్కన గులకరాయి కనిపిస్తే తీసి జేబులో వేసుకోవద్దు.

ఇప్పుడు మీ ఇబ్బందుల సంగతి. ఫొటోలు వెలవెలబోయింది నెత్తి మీది ఎండవల్ల. గోడల మీద నీడ పడకపోతే వాననీరు కోసిన గాళ్ల లోతు తెలియదు. ఉదయం 7 నుంచి 9, లేదా సాయంత్రం 4 నుంచి అయిదున్నర మంచి వేళ. వేడి ఎక్కువగా అనిపించింది లోపల గాలి ఆడకపోవడం వల్ల, రెండు వైపులా గోడలు వేడిని తిరిగి వెదజల్లడం వల్ల. మనిషికి లీటరున్నర నీళ్లు ఉండాలి, లోపల కొనుక్కోవడానికి ఏమీ దొరకదు.

దారి తప్పడానికి కారణం ఆ గాళ్లు చెట్టు కొమ్మల్లా చీలుతూ పోవడం. వెళ్లేటప్పుడు ప్రతి చీలిక దగ్గరా వెనక్కి తిరిగి ఒకసారి చూడండి, తిరిగొచ్చేటప్పుడు మీకు కనబడేది ఆ దృశ్యమే. ఎంతకీ అర్థం కాకపోతే ఎండిన వాన కాలువ ఏ వైపు వాలి ఉందో చూసి ఆ వాలు పట్టుకుని నడవండి. చిట్టిగెడ్డ, పెద్దగెడ్డ అనే వాగులు ఆ నీటిని సముద్రం వైపే తీసుకెళ్తాయి, మీరూ తీరం వైపే వస్తారు. వాన మబ్బు పట్టి ఉంటే మాత్రం లోపలికి దిగనే వద్దు. ఈ ఇసుకను పట్టి ఉంచేది కొద్దిపాటి బంకమట్టే, తడిస్తే గోడ ఒక్కసారిగా జారుతుంది. అంచున నిలబడి సెల్ఫీ తీసుకోవడం కూడా అందుకే ప్రమాదం. పైన గట్టిగా కనిపించే నేల కింద తొలిచిపోయి ఉంటుంది. గోడల మీద పేర్లు గీసేవాళ్లను చూస్తే దయచేసి ఆపండి, వేల ఏళ్ల పొర అది, తిరిగి అతకదు.

ప్రశ్న: గోస్తని కలిసేచోట నీళ్లు నిలకడగా ఉన్నాయి, అలలు లేవు. పిల్లలు అక్కడ స్నానం చేయొచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దు. అల విరగని చోటు నిలకడగా ఉందంటే అక్కడ లోతు ఎక్కువని అర్థం. ఒడ్డుకు ఎక్కిన నీళ్లన్నీ ఏదో ఒక దారిన వెనక్కి పోవాలి. రెండు నురగ పట్టీల మధ్య నున్నగా, కాస్త మట్టిరంగులో కనిపించే సందే ఆ దారి. నది ముఖద్వారంలో దీనికి ఆటుపోట్లు తోడవుతాయి. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళ, నది నీరు, వెనక్కి తీసే సముద్రం ఒకేవైపు లాగుతాయి. ఇసుక మేటలు కూడా స్థిరంగా ఉండవు. నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ నిలువెత్తు గొయ్యి పడొచ్చు.

ఎవరైనా ఆ లాగుడులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదొద్దు, అలసిపోయేది అక్కడే. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటికి చేరాక వాటితో పాటు ఒడ్డుకు రావాలి. ఈత రానివాళ్లు వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ఒడ్డునున్నవాళ్లు వెంటనే దూకకూడదు. మూత బిగించిన ఖాళీ డబ్బా, ట్యూబు, తాడు ఏది దొరికితే అది విసరండి, దగ్గర్లోని మత్స్యకారుల్ని కేకేయండి, 112కు ఫోన్ చేయండి. పిల్లలు నీళ్లాడాలంటే లైఫ్‌గార్డులుండే రుషికొండలో, వాళ్లు చూపిన హద్దులోనే, పెద్దవాళ్ల చేతికందేంత దూరంలో. బయల్దేరే ముందు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరిక చూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం, అప్పుడు మరీ ముఖ్యం.

ప్రశ్న: భీమిలి బీచ్‌లో సూర్యాస్తమయం ఫొటోకు మంచి చోటేది?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ఇది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు, కొండల వెనక్కి పోతాడు. జూన్‌లో అయిదూ ఇరవైకి, జనవరిలో ఆరున్నరకు ఉదయిస్తాడు. అరగంట ముందే ఉండండి, రంగులన్నీ ఆ అరగంటలోనే. సాయంత్రమే కుదురుతుందంటే పౌర్ణమి చూసుకుని రండి, ఇటు పొద్దు వాలేసరికి అటు నీళ్లలోంచి చంద్రుడు లేస్తాడు.

ప్రశ్న: పావురాలకొండ, తొట్లకొండ రెండూ బౌద్ధ స్థలాలే కదా, ఒక్కటే చూడాలంటే ఏది?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: పెద్దవాళ్లుంటే తొట్లకొండ. వాహనం పై దాకా పోతుంది. 1976లో నౌకాదళం ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే బయటపడ్డ చోటు ఇది. స్తూపం, విహారం గదుల పునాదులు చూశాక రాతిలో తొలిచిన తొట్ల దగ్గర ఎక్కువసేపు గడపండి. కొండ మీద ఊటబావి లేదు, భిక్షువులు ఏడాదంతా తాగింది ఒడిసిపట్టిన వాననీరే. నీళ్లు ఏ వాలున తొట్టిలోకి దిగేవో ఆ రాయి చూస్తే తెలుస్తుంది. కాళ్లలో సత్తువ ఉండి, గోస్తని ముఖద్వారాన్నీ ఊరినీ ఒక్కచూపులో చూడాలనుంటే భీమిలికి ఆనుకునే ఉన్న పావురాలకొండ ఎక్కండి. అక్కడా రాతి తొట్లున్నాయి. పొద్దెక్కకముందే దిగిపోయేలా చూసుకోండి.

ప్రశ్న: మే నెలలో వస్తే ఒడ్డున తాజా చేపలు దొరుకుతాయా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: తక్కువే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజను పడవలకు వేట నిషేధం. తెప్పల మీద దగ్గర్లో వేసిన వలల్లో పడ్డ చిన్నచేపలే ఉంటాయి. పెద్ద చేపలు కనిపిస్తే ఐసులో ఎన్నాళ్లుగా ఉన్నాయో అడగండి. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బి మెరవాలి, వేలితో నొక్కిన గుంట వెంటనే పూడాలి. ఇక్కడివాళ్లు కోనెం అనే వంజరం కావాలంటే నిషేధం ఎత్తేశాక, పడవలు ఒడ్డుకు చేరే పొద్దుటి వేళకు రండి. ఇంటికి తీసుకెళ్లేట్టయితే అక్కడే కడుపు శుభ్రం చేయించి, చేపంత బరువు ఐసు వేసి థర్మోకోల్ డబ్బాలో సర్దించుకోండి.